మడమ కింద ముప్పాతిక అంగుళం

మా పెదనాన్నగారి తాలింఖానాలో గోడమీద ఒకే ఒక్క నియమం రాసి ఉండేది: "చెప్పులు బయట విడువవలెను." మాది విజయనగరం జిల్లాలో ఒక చిన్న పల్లె. తాలింఖానా అనగానే ఏదో పెద్ద భవంతిని ఊహించుకోకండి. తాటాకుల పాక, ఎర్రమన్ను నేల, మూలన ఆంజనేయస్వామి పటం, తిప్పడానికి రెండు జతల కర్ర గదలు, పాక బయట వేపచెట్టు కింద ఒక సంగిడి రాయి. అంతే. పది పదిహేనుమంది కుర్రవాళ్లు వట్టికాళ్లతో దండీలు, బస్కీలు తీస్తూంటే గడప మీద కూర్చుని లెక్కపెట్టడం నా చిన్ననాటి ఉద్యోగం. నాకు కసరత్తు అబ్బలేదు. లెక్కపెట్టడం మాత్రం అబ్బింది. ఆ తరవాత ముప్ఫయ్యేళ్లు అదే వృత్తిగా బతికాను.

ఈ ఉపోద్ఘాతం దేనికంటే, పోయిన ఏడాది నేనొక మాట జారాను. మా అమ్మాయి హైదరాబాదులో డిగ్రీ చదువుతూ, రెండేళ్లుగా బరువులెత్తుతోంది. కళాశాలల పోటీలకు నెల రోజుల ముందు, "నాన్నా, లిఫ్టింగు బూట్లు కావాలి. కోచ్‌గారు తప్పదన్నారు" అంది. ధర అడిగాను. పన్నెండు వేలు. వెంటనే నా నోటినుంచి పెదనాన్నగారు పలికారు. "మనవాళ్లు వట్టికాళ్లతో బండలెత్తారమ్మా! కోడి రామమూర్తి నాయుడుగారు ఏ కంపెనీ బూట్లు తొడుక్కుని ఇనప గొలుసులు తెంచారు? ఉన్నవాటితో వెళ్లు" అన్నాను. ఉన్నవంటే పరుగు కోసం కొన్న మెత్తటి బూట్లు. పిల్ల ఎదురు చెప్పలేదు.

స్నాచ్‌లో రెండో ప్రయత్నం, 48 కిలోలు. బార్ తలమీదికి చక్కగానే వెళ్లింది. కిందికి కూర్చుంది. ఆ మెత్తటి మడమలు ఒక పక్కకు నలిగి ఒరిగాయి, బార్ ముందుకు జారింది, దానితోపాటు తనూ. కుడి మణికట్టు బెణికి నాలుగు వారాలు కట్టు. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట అనలేదు. "బూట్లు కొనిపెట్టి ఉంటే" అని ఒక్కసారి అనివుంటే నేనూ నాలుగు మాటలని తేలికపడేవాణ్ని. అనకపోవడం వల్లనే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పింది నిజంగా మన సంప్రదాయమేనా, లేక పన్నెండు వేలు మిగుల్చుకోవడానికి పూర్వీకులను దొంగసాక్ష్యానికి పిలిచానా? ఇది తేల్చుకోవడానికి కూర్చుంటే చరిత్రలో చాలా దూరమే వెళ్లవలసి వచ్చింది.

ఆధునిక ఒలింపిక్స్ మొదలైన 1896లోనే ఏథెన్సులో బరువులెత్తే పోటీ ఉన్నది. ఒంటి బరువును బట్టి తరగతులు అప్పటికింకా లేవు. రెండు చేతులతో ఎత్తే పోటీలో డెన్మార్కుకు చెందిన వీగో యెన్సెన్, బ్రిటన్‌కు చెందిన లాన్సెస్టన్ ఇలియట్ ఇద్దరూ సరిగ్గా 111.5 కిలోలే ఎత్తారు. తీర్పరిగా ఉన్న గ్రీసు రాకుమారుడు జార్జి, యెన్సెన్ ఎత్తిన తీరే మేలైనదని గెలుపు అతనికిచ్చాడు. ఇలియట్ బరువెత్తే సమయంలో ఒక పాదం కదిలించాడన్నది కారణం. ఒంటిచేతి పోటీలో 71 కిలోలెత్తి ఇలియట్ బదులు తీర్చుకున్నాడనుకోండి, అది వేరే సంగతి. నాకు నచ్చిందేమిటంటే, ఒలింపిక్ చరిత్రలో ఈ క్రీడకు సంబంధించిన మొట్టమొదటి తీర్పు చేతులను బట్టి రాలేదు, పాదాన్ని బట్టి వచ్చింది. ఇన్నాళ్లూ నేను చూసిందంతా చేతులనే.

ఆ రోజుల్లో పాశ్చాత్య దేశాల వ్యాయామశాలల్లో మోకాళ్లు పూర్తిగా వంచి లేచే కసరత్తును ఎక్కువగా మునివేళ్లమీద చేసేవారు. మడమలు రెండూ దగ్గరగా చేర్చి, గాలిలోకి లేపి, తేలికపాటి బరువుతో. భారీ బరువును భుజాల మీద పెట్టుకుని, పాదం మొత్తం నేలకు ఆనించి, అడుగంటా కూర్చుని లేవడమన్నది అమెరికాలో ప్రచారానికి రావడానికి హెన్రీ స్టైన్‌బోర్న్ అనే జర్మన్ వస్తాదు ముఖ్య కారకుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆస్ట్రేలియాలో నిర్బంధ శిబిరంలో గడిపి, అక్కడా కసరత్తు మానకుండా, 1921లో అమెరికా చేరాడాయన. ఇప్పటిలాగా బార్‌ను భుజాల ఎత్తున నిలిపి ఉంచే స్టాండ్లు లేవు. స్టైన్‌బోర్న్ బార్‌ను ఒక కొనమీద నిట్టనిలువుగా నిలబెట్టి, దాని పక్కన ఒదిగి కూర్చుని, మూపు మీదికి వాల్చుకుని, అలాగే పైకి లేచేవాడు. దించడమూ అదే దారిలో! మూటలు మోసే హమాలీలను చూసినవారికి ఆ ఒడుపు కొంత అర్థమవుతుంది.

ఇది చదువుతున్నప్పుడు పెదనాన్నగారి పాక కళ్లముందు కదిలింది. బస్కీ తీసేవాళ్లను ఎప్పుడైనా పక్కనుంచి చూశారా? కిందికి వెళుతున్నకొద్దీ మడమలు నేలను విడుస్తాయి. అడుగున ఒక్క క్షణం మునివేళ్లమీద నిలిచి, పైకి లేస్తూ మళ్లీ నేలను తాకుతాయి. లెక్కపెట్టడంలో మునిగిపోయి నేను ఏనాడూ పట్టించుకోలేదు కానీ, ఆ లయ మొత్తం మడమదే. చెప్పులు బయట విడిచిన మాట నిజం. కానీ కింద కూర్చున్నప్పుడు మడమ నేలమీద లేదు! "మనవాళ్లు వట్టికాళ్లతో" అని నేను దంచిన ఉపన్యాసంలో ఈ సంగతి లేదు.

మడమ లేస్తే ఏమవుతుంది? మోకాలు ముందుకు పోవడానికి వీలవుతుంది. మోకాలు ముందుకు పోతే తుంటి వెనక్కి ఎక్కువ తన్నుకుపోదు, నడుము నిటారుగా ఉంటుంది. మడమ నేలకు అంటుకునే ఉండాలంటే ఆ వంపు మొత్తం చీలమండ దగ్గర దొరకాలి. అక్కడ దొరక్కపోతే ఒళ్లు ముందుకు వాలుతుంది. తలమీద బరువు లేనప్పుడు వాలితే ఏమీ కాదు. చేతులు రెండూ చాచి, తలపైన ఇనుము పట్టుకుని ఉన్నప్పుడు వాలితే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది. పోనీ, బస్కీలో మాదిరిగా మునివేళ్లమీద నిలబడదామా అంటే, సొంత ఒంటి బరువుకు చెల్లింది గానీ తలమీద మరో మనిషంత బరువున్నప్పుడు ఆ కాస్త ఆధారం చాలదు. మడమ పైకి లేచి ఉండాలి, అయినా నేలకు ఆని ఉండాలి. ఈ పొడుపుకథకు విడుపే ఎత్తు మడమ బూటు.

అయితే ఈ విడుపు వెంటనే దొరకలేదు. ఎందుకంటే చాలాకాలం దాని అవసరమే పడలేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నుంచి ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే మూడు పద్ధతులు స్థిరపడ్డాయి. స్నాచ్‌లోనూ క్లీన్‌లోనూ బార్ కిందికి దూరడానికి ఎక్కువమంది ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచేవారు. దీన్ని స్ప్లిట్ అంటారు. ఇందులో వెనక పాదం ఎలాగూ మునివేళ్లమీదే ఉంటుంది, ఇక ముందు పాదం ఒక్కటి నిలకడగా ఉంటే చాలు. చీలమండను పట్టి ఉంచే మామూలు బూటు అందుకు సరిపోయేది.

ఇక్కడ కథ అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణానికి వెళుతుంది. అక్కడ లారీ బార్న్‌హోల్ట్ అనే గురువు రెండు కాళ్లనూ పక్కలకు సర్ది, నిలువునా అడుగంటా కూర్చుని బార్‌ను అందుకునే స్క్వాట్ పద్ధతిని శిష్యులకు పట్టుదలగా నేర్పాడు. 1950లో స్క్వాట్ స్నాచ్ రహస్యాలంటూ ఒక చిన్న పుస్తకం కూడా వేశాడు. అతని శిష్యుడు పీట్ జార్జ్ 1948లో లండన్‌లో రజతం, 1952లో హెల్సింకీలో స్వర్ణం గెలిచాడు. లెక్క తేలికే. బార్‌ను ఎంత కిందికి దిగి అందుకోగలిగితే దాన్ని అంత తక్కువ ఎత్తుకు లాగితే చాలు. పాత పద్ధతి మాత్రం అంత సులభంగా చావలేదు. అదే హెల్సింకీలో స్వర్ణం గెలిచిన నార్బర్ట్ షెమాన్‌స్కీ స్ప్లిట్ పద్ధతివాడు, 1960లోనూ 1964లోనూ కాంస్యాలు తెచ్చుకున్నాడు. ఎవరి నమ్మకం వారిది. కానీ 1960లు గడిచేసరికి ప్రపంచం మొత్తం మీద స్క్వాట్‌దే పైచేయి అయింది. దానితోపాటే బూటు మడమ లేచింది.

ఆ దశాబ్దాల ఛాయాచిత్రాలను వరసగా పెట్టి చూడండి, ముఖ్యంగా సోవియట్, తూర్పు యూరపు వస్తాదులవి. ఎత్తైన తోలు బూట్లు, వాటికి గట్టి మడమలు. చెక్కతోనో, తోలు పొరలు ఒకదానిమీద ఒకటి అతికించో చేసినవి. చూడడానికి మన పాతకాలపు పోలీసు బూట్లలా ఉంటాయి. రానురాను పైభాగం పొట్టిదయింది. చీలమండ బాగా వంగాలని కూర్చునే మనిషికి చీలమండను బిగించే బూటు అడ్డమే కదా! పాదం పైన అడ్డంగా ఒక పట్టీ వచ్చి చేరింది. 1972 మ్యూనిక్ తరవాత ప్రెస్‌ను పోటీలనుంచి తొలగించారు. ఇక మిగిలిన రెండూ మెరుపువేగంతో కిందికి దూరే పద్ధతులే కనుక ఈ బూటుకు తిరుగులేకుండా పోయింది.

ప్రెస్ మాట వచ్చింది కనుక ఒక పక్కదారి, మన్నించాలి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన మన దండమూడి రాజగోపాలరావుగారు ఆ ప్రెస్ కాలపు మనిషి. నిటారుగా నిలబడి, బార్‌ను భుజాలనుంచి కేవలం భుజబలంతో పైకి నెట్టే పద్ధతి అది. కృష్ణా జిల్లావారు, విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే ఉన్నది. ఇవేవీ గుర్తుకు రానివారికి కూడా "నర్తనశాల"లో భీముడు గుర్తుంటాడు. 1963 నాటి ఆ సినిమాలో భీముడు ఆయనే. ఆ భుజాలు చూసినవారికి ప్రెస్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక కంపెనీల కథ క్లుప్తంగా. అడాల్ఫ్ దాస్లర్ పేరుమీద 1949లో నమోదైన ఆడిడాస్ ఈ రంగంలో పాత కాపు. నైకీ 2008 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి రొమాలియోస్ అనే జోడుతో దిగింది. 2012 నాటి ఆడిడాస్ వారి ఆడిపవర్‌లో చెక్క బదులు గట్టి ప్లాస్టిక్ మడమ. పేర్లు మారాయి, రంగులు మారాయి, ధరలైతే చెప్పనే అక్కరలేదు. కానీ అసలు సంగతి దాదాపు మారలేదు. ముందు భాగం కన్నా మడమ ఇంచుమించు ముప్పాతిక అంగుళం, అంటే 19, 20 మిల్లీమీటర్లు ఎత్తు. ఎంత బరువు పడినా నలగని గట్టిదనం. నా పాత వృత్తి ఊరుకోనివ్వక లెక్క వేశాను. మడమనుంచి బొటనవేలి మూలందాకా 18 సెంటీమీటర్లనుకుంటే, ఆ 20 మిల్లీమీటర్ల వల్ల పాదం వాలేది ఆరు డిగ్రీల పైచిలుకు. ఆ ఆరు డిగ్రీలూ చీలమండకు కలిసివచ్చినట్టే.

ఇందులో కంపెనీల మాయ ఏదీ లేదన్నది నా నమ్మకం. ముందు ఎత్తే పద్ధతి మారింది, తరవాత బూటు మారింది. దీనికి ఎదురు సాక్ష్యం కావాలంటే డెడ్‌లిఫ్ట్ చూడండి. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ అనే మూడింటితో జరిగే పవర్‌లిఫ్టింగ్‌కు 1972లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. అందులోని డెడ్‌లిఫ్ట్ అంటే నేలమీది బార్‌ను పట్టుకుని తొడలదాకా లేపి నిటారుగా నిలబడడమే. అక్కడ అడుగంటా కూర్చునే పని లేదు. మడమ ఎంత ఎత్తుంటే బార్‌ను అంత ఎక్కువ ఎత్తుకు లాగాలి, పైగా బరువు మునివేళ్లవైపు నెట్టుకొస్తుంది. అందుకని ఆ వస్తాదులు నాట్యగత్తెలు తొడుక్కునే జోళ్లవంటి పలచని జోళ్లు వేసుకుంటారు. కొందరు సమతలమైన గుడ్డ బూట్లతో సరిపెట్టుకుంటారు. ఒకే మనిషి స్క్వాట్‌కు మడమ బూటు వేసుకుని, డెడ్‌లిఫ్ట్‌కు విప్పి పలచని జోడు తొడుక్కోవడం కూడా కద్దు.

మా వేపచెట్టు కింది సంగిడి రాయి గుర్తుందా? దాన్ని ఎత్తడం ఇంచుమించు ఇదే. నేలమీదినుంచి లేపాలి, ఛాతీకి చేర్చాలి. పాదం మొత్తం మట్టిని కరిచిపట్టాలి. ఆ రాయి విషయంలో పెదనాన్నగారి గోడమీది రాతకు తిరుగులేదు. వట్టికాలే సరైన పాదరక్ష. బస్కీకి వచ్చేసరికి అదే వట్టికాలు మడమను తానే లేపుకున్నది. ఒక్క పాకలో రెండు పద్ధతులూ ఉన్నాయి. నేను గోడమీది వాక్యం ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను.

మరి పరుగు బూట్ల మాటేమిటి? నా తప్పు అసలు అక్కడ ఉన్నది. అవి వట్టికాలూ కావు, మడమ బూటూ కావు. పరిగెత్తేవాడి మడమ నేలకు తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బను మింగడానికి అట్టలో మెత్తటి నురగ పొర పెడతారు. పరుగులో ఆ మింగడమే గుణం. బరువు కింద అదే దోషం. పైనుంచి బరువు దిగేకొద్దీ నురగ నలుగుతుంది, అన్ని వైపులా సమానంగా నలగదు, పరుపుమీద నిలబడి బిందె ఎత్తినట్టు ఉంటుంది. వట్టికాళ్లతో పంపినా ఇంతకన్నా మేలే అయ్యేదేమో, కానీ అది నిబంధనలు ఒప్పవు. అంతర్జాతీయ పోటీల్లో పాదరక్షలు తప్పనిసరి. పైభాగం అట్టనుంచి 130 మిల్లీమీటర్లకు మించరాదు, అట్ట అంచు పక్కకు 5 మిల్లీమీటర్లకన్నా పొడుచుకు రాకూడదు. అట్ట మందానికి మాత్రం వాళ్లు హద్దు పెట్టలేదు. పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య మాత్రం 5 సెంటీమీటర్ల దగ్గర గీత గీసింది.

సిడ్నీలో 2000 సెప్టెంబరు 19న కరణం మల్లీశ్వరి నిలబడిన వేదికకూ ఈ కట్టుబాట్లు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల. మా జిల్లాకు పొరుగే. నీలంశెట్టి అప్పన్నగారి దగ్గర మొదలుపెట్టి, 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ విజేత అయి, ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో తొలిసారి ఈ పోటీ పెట్టిన ఏడాదే అక్కడికి వెళ్లింది. 69 కిలోల తరగతిలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి. చివరి ప్రయత్నంలో 137.5 అడిగింది, నిలవలేదు. నిలిచివుంటే 247.5, స్వర్ణం. కాంస్యంతోనే మన దేశంలో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి మహిళ అయింది. రెండున్నర కిలోల తేడా ఉన్నచోట మడమ ఎత్తూ, అట్ట గట్టిదనమూ చిన్న విషయాలని అనగల ధైర్యం ఇప్పుడు నాకు లేదు.

అయినా నాలో ఒక మొండి సందేహం మిగిలింది. చిన్నప్పటినుంచి గొంతుక్కూర్చోవడం అలవాటైన జాతికి ఈ అరువు మడమ ఎందుకు? అమ్మాయి మణికట్టు కట్టు విప్పాక, ఒక ఆదివారం హాల్లో ఇద్దరం పరీక్ష పెట్టుకున్నాం. యాభయ్యారేళ్ల నేను, పొట్టతో సహా, మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చున్నాను. పొయ్యి ముందూ, పొలం గట్టుమీదా, అరుగు చివరా పెరిగిన చీలమండలవి. పందొమ్మిదేళ్ల మా అమ్మాయి సగం దిగేసరికి మడమలు లేచాయి. బలవంతాన ఆనిస్తే వెల్లకిలా పడి నవ్వింది. కుర్చీ, బల్ల, బస్సు సీటు... ఆ పిల్లను పెంచింది ఇవి. కొనిపెట్టింది నేనే. నా చీలమండలు ఆమెకు వారసత్వంగా రాలేదు, మాటలు మాత్రం ఇవ్వబోయాను.

మడమల కింద పెట్టడానికి ఒక లావుపాటి పుస్తకం తీయబోతే, "సరస్వతి మీద కాలు పెట్టిస్తారా!" అని మా ఆవిడ కసిరింది. వడ్రంగి వదిలేసి పోయిన చెక్కముక్క దొరికింది. స్కేలు పెట్టి కొలిస్తే చిత్రంగా ముప్పాతిక అంగుళం. దానిమీద మడమలు పెట్టి, చీపురుకర్ర తలపైన పట్టుకుని కూర్చుంది. నిట్టనిలువుగా, అడుగంటా. "చూశావా నాన్నా" అని కూడా అనలేదు.

మర్నాడే వెళ్లి బూట్లు కొన్నాం. దుకాణంలో కుర్రవాడు రంగుల గురించి చెబుతూంటే మా అమ్మాయి బొటనవేలితో మడమను నొక్కి చూసింది. నలగకూడదట. తొడుక్కుని కూర్చుని లేచి, లోపల మడమ జారుతోందేమో చూసుకుంది. ఒక నంబరు తగ్గించి మళ్లీ తొడుక్కుంది. ఎత్తు ఎంతైతే అంత మంచిదని కూడా కాదట. ఎక్కువైతే ముందుకు తోస్తుంది, ఎవరి తొడ ఎముక పొడుగును బట్టి, చీలమండ వంపును బట్టి వారికి. ఈ చిన్న పరీక్షలన్నీ కోచ్‌గారు ఎప్పుడో చెప్పారట. నన్ను అడిగిన రోజున నాకూ చెప్పబోయిందట, నేను కోడి రామమూర్తిగారి దగ్గర ఉండి వినలేదు.

ఆ బూట్లతో తను వీధిలో ఒక్క అడుగు కూడా వేయదు. అట్టకు మట్టి అంటితే వేదికమీద జారుతుందని ప్రత్యేకంగా ఒక గుడ్డసంచీలో తీసుకువెళుతుంది. జిమ్ము గుమ్మం దగ్గర మామూలు చెప్పులు విడిచి, లోపల బల్లమీద కూర్చుని, పట్టీ బిగించి, అప్పుడు లేస్తుంది. మొన్న స్నాచ్‌లో 53 కిలోలు ఎత్తింది. గుమ్మం దగ్గర కూర్చుని నేనే లెక్క రాశాను.